మూడో చరణం

తండ్రి చావు మీద కట్టిన పాటను ఊరంతా ఆరేళ్ళుగా గ్లాసులెత్తి పాడుకుంటోందని వెస్నాకు ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి, గేట్ పబ్బులో, సగం తాగిన బీరు చేతిలో ఉండగా తెలిసింది.

అప్పటిదాకా ఆమె కూడా పాడుతూనే ఉంది. పోర్ట్ ఆల్డెన్‌లో ఆ పాట రానివాళ్ళు లేరు. ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులు నలుగురు కలిసి, నాలుగో నంబర్ కొలిమి పేరు పెట్టుకుని, ‘నంబర్ ఫోర్’ అని ఒక బ్యాండు కట్టారు. వాళ్ళ పాటల్లో సిడ్నీ రేడియో దాకా వెళ్ళింది ఒక్కటే, ‘వస్తావులే’. గిటారు గరగరలాడుతుంది, డ్రమ్ము గుండెల మీద గుద్దుతుంది, ఆ పైన డెస్ పాస్కో బొంగురు గొంతు.

నీ గ్లాసు నా ముందే ఉంది, నురగ చచ్చిపోతోంది
నీ కుర్చీ పట్టి ఉంచాను, ఎవర్నీ కూర్చోనివ్వను
నీ వస్తువు నా జేబులో ఉంది, వచ్చి పట్టుకుపో
సైరన్ మోగింది, వస్తావులే, వస్తావులే

దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. జట్టు మారిపోయిన కెప్టెన్ మీద పాట అని ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు వాదించారు. జేబులో ఉంగరం పెట్టుకుని ప్రియురాలి కోసం కూర్చున్నవాడి పాట అని ఆడవాళ్ళు తేల్చేశారు. వియత్నాం నుంచి తిరిగిరాని సైనికుడి పాట అంటూ సిడ్నీ పత్రికవాడొకడు రెండు పేజీలు రాస్తే, పబ్బు యజమాని దానికి అద్దం కట్టించి మరుగుదొడ్డి తలుపుకి తగిలించాడు. వెస్నా పెళ్ళిలోనూ అదే పాట పెట్టారు. తండ్రి లేడు గనక తండ్రి స్థానంలో ఆయన స్నేహితుడు మెర్వ్ హాలరన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆడాడు. పాట సగంలో ఆయన కళ్ళు తుడుచుకుంటే చూసినవాళ్ళందరికీ మనసు కరిగింది.

పబ్బు అమ్ముడుపోయింది. ఆ శనివారం అక్కడ బ్యాండుకి ఆఖరి కచేరీ. డెస్ మైకు పట్టుకుని, రికార్డు కంపెనీవాళ్ళు అర్థం కాలేదని కోసేసిన మూడో చరణం ఒకటుందనీ, ఈ గోడలు కూలేలోపు దాన్ని ఒక్కసారైనా పాడాలని ఉందనీ చెప్పాడు. జనం బల్లలు చరిచారు. డెస్ అందుకున్నాడు.

రెండు కళ్ళూ ఒకే పక్కనున్న చేప
నా జేబులో పడుకుంది, కన్ను మూయదు
నేనే నదిని వదిలాను, నది పారింది
నువ్వింకా నదిలోనే ఉన్నావని ఎవరు చెప్పాలి?

వెస్నా చేతిలో గ్లాసు ఒరిగింది. బీరు మోకాలి మీదుగా కారుతున్నా ఆమెకి తెలియలేదు.

జేబులో పట్టే, రెండు కళ్ళూ ఒకే పక్కనున్న చేప వెస్నాకు తెలిసి ఒక్కటే. దానికి రెండో కన్ను పెట్టింది తనే.

ఆమె తండ్రి బ్లగోయా, దూరదేశంలోని ఓహ్రిడ్ సరస్సు ఒడ్డు నుంచి వలస వచ్చినవాడు. ఫ్యాక్టరీలో బొగ్గు బెల్టులకి గ్రీజు పెట్టే పని. ఆ రోజుల్లో మరమ్మతు పనివాళ్ళు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళే తయారుచేసుకునేవారు. యంత్రంలోకి దిగేముందు మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి తన బిళ్ళ తగిలించాలి. బిళ్ళ వేలాడుతున్నంతసేపు స్విచ్ జోలికి ఎవడూ పోకూడదు. తగిలించినవాడే వచ్చి తియ్యాలి. మిగతావాళ్ళు బిళ్ళ మీద పేరు చెక్కుకుంటే, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని బ్లగోయా చేపను చెక్కుకున్నాడు. ఇంటి వెనక కూర్చుని దానికి కన్ను పొడుస్తుంటే, పన్నెండేళ్ళ వెస్నా మేకు లాక్కుని తనూ ఒక దెబ్బ వేసింది. అది మొదటి కన్ను పక్కనే పడింది. బ్లగోయా తిట్టలేదు. ఇక నాకు రెండు పక్కలా చూసే పని లేదన్నాడు.

తొమ్మిదేళ్ళ కింద, ఒక శుక్రవారం, షిఫ్టు మారే వేళ బెల్టు సొరంగంలో అతను నలిగి చచ్చిపోయాడు. స్విచ్ మీద బిళ్ళ లేదని విచారణలో తేలింది. అతని దగ్గరా లేదు, ఇంట్లోనూ దొరకలేదు. బిళ్ళ తగిలించకుండా దిగి, తన అజాగ్రత్తతో తానే చచ్చాడని కోర్టు రాసేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్యాక్టరీలో ఎవడైనా పరికరం మర్చిపోతే, తాళం వెయ్యకపోతే, చివరికి ప్యాంటు జిప్పు పెట్టుకోకపోయినా, బ్లగోయా పేరు తుంచి ‘బ్లాగీ చేశావురా’ అనడం అలవాటైపోయింది. రెండేళ్ళ కింద వెస్నా అదే ఫ్యాక్టరీలో క్రేను నడిపే పనిలో చేరినప్పుడు, మొదటి రోజు శిక్షణలో మాస్టారు బోర్డు మీద బెల్టు బొమ్మ గీసి, బ్లాగీ చెయ్యడం అంటే ఏమిటో నవ్వుతూ చెప్పాడు. ముప్ఫైమంది నవ్వారు. ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. నాన్న తప్పు చేశాడని ఆమె కూడా నమ్మింది మరి.

ఇప్పుడు ఆ చేప ఎవడి జేబులోనో ఉందని పాట చెబుతోంది.

విరామంలో డెస్ పెరట్లో ఖాళీ పీపాల మధ్య కూర్చుని మీట్‌పై తింటున్నాడు. వెస్నా నేరుగా వెళ్ళి అతని ముందు నిలబడింది.

“ఆ చేప నీకెక్కడిది?”

“ఏ చేప?”

“ఇప్పుడు పాడావుగా. మా నాన్న చేప. ఎక్కడిదని అడుగుతున్నాను.”

డెస్ తల అడ్డంగా ఊపాడు. తనకేమీ తెలియదని ఒట్టేశాడు. నిజానికి అతను కొలిమి దగ్గర పనిచేసినవాడు, బెల్టుల వైపు ఎన్నడూ వెళ్ళనివాడు. వాళ్ళ పాటల్లో సగం వాళ్ళు రాసినవే కావు. కచేరీ మొదలయ్యేముందు స్టేజీ అంచున ఒక హెల్మెట్ బోర్లా తిప్పి పెడతారు. పనివాళ్ళు తమకి తోచిన మాటలు చీటీల మీద రాసి అందులో వేస్తారు. తిట్లు, బూతులు, ఫోర్‌మన్ పెళ్ళాం మీద కవిత్వాలు. అందులో బాగున్నవాటికి బ్యాండు బాణీ కడుతుంది. ‘వస్తావులే’ అలా వచ్చిందే. పేరు లేదు.

“మరి నువ్వేమనుకున్నావు, ఆ మాటలకి అర్థం?”

“బిళ్ళ బీరు అనుకున్నాను. ఇంకేముంది?”

బిళ్ళ బీరు అంటే ఏమిటో వెస్నాకు తెలియదు. ఆమె చేరేనాటికి ఇత్తడి బిళ్ళలు పోయి తాళాలు వచ్చాయి. డెస్ చెప్పుకొచ్చాడు. అప్పట్లో శుక్రవారం వచ్చిందంటే చాలు, పబ్బుకి పరిగెత్తే తొందరలో ఎవడో ఒకడు బిళ్ళ స్విచ్‌కే వదిలేసి పోయేవాడు. రూలు ప్రకారం వాణ్ణి ఇంటి నుంచి పిలిపించి తీయించాలి. అలా ఎవడు చేస్తాడు? స్నేహితుడెవడో తీసి జేబులో వేసుకుని స్విచ్ వేసేసేవాడు. తర్వాత పబ్బులో, మర్చిపోయినవాడికి ఒక గ్లాసు తెప్పించి ఖాళీ కుర్చీ ముందు పెట్టి, వాడు రాగానే బిళ్ళ బల్ల మీద టక్కున వేసేవాడు. ఆ రోజు అందరికీ తాగించే పని బిళ్ళవాడిది. ఫోర్‌మన్లకీ తెలుసు, యూనియన్‌కీ తెలుసు. అందరూ నవ్వేవారు.

“ఎవడో బిళ్ళ వదిలేసి క్వీన్స్‌లాండ్ చెక్కేసి ఉంటాడు, వీడు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు అనుకున్నా, వెస్. తమాషా పాట అనుకున్నా.” అంటూనే డెస్ ఆగిపోయాడు. తను చెప్పినదేమిటో అప్పుడు అతని చెవికి తాకింది. చేతిలో మీట్‌పై నేల మీద పెట్టాడు. “అయ్యో దేవుడా” అన్నాడు మెల్లగా.

నీ గ్లాసు నా ముందే ఉంది. నేనే నదిని వదిలాను, అంటే బెల్టుని. వెస్నాకు ఒక్కో పంక్తీ ఒక్కో దెబ్బలా తగిలింది. నాన్న బిళ్ళ తగిలించాడు. ఎవడో తీశాడు. నాన్న లోపల ఉండగా తీశాడు. తీసి, బీరు తెప్పించుకుని, కుర్చీ పట్టి, ఎదురు చూశాడు.

ఆ చీటీ ఉందా అని అడిగింది. డెస్ గిటారు పెట్టె అడుగున పాత చీటీలన్నీ దాచాడు. వెతికి తీశాడు. గ్రీజు మరకలున్న షిఫ్టు రిపోర్టు వెనకవైపు, నీలి సిరాతో, విడివిడి పెద్దక్షరాలు. అక్షరాలన్నీ కాస్త ఎడమకి వాలి, గాలికి వంగిన కంచెలా ఉన్నాయి.

వెస్నా ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. ఆ అక్షరాల మధ్యే ఆమె పెరిగింది. ఇంటికి వచ్చిన ప్రతి ప్రభుత్వ ఉత్తరానికీ జవాబు, స్కూలు దరఖాస్తు, నాన్న సమాధి రాతి మీద చెక్కించాల్సిన ఇంగ్లీషు వాక్యం, ఆమెకి ఉద్యోగం ఇప్పించిన సిఫారసు లేఖ. అన్నీ ఆ చేతి రాతే. మెర్వ్ హాలరన్. నాన్నకి ప్రాణ స్నేహితుడు, ఆ రోజుల్లో బెల్టు మేస్త్రి, ఇప్పుడు యూనియన్ నాయకుడు. వెస్నా ఆయన్ని ‘చిచో’ అని పిలుస్తుంది, అంటే వాళ్ళ భాషలో బాబాయి. వాళ్ళ భాష కానివాళ్ళలో ఆ పిలుపు దక్కించుకున్నవాడు ఆయన ఒక్కడే. ఆ రోజు స్విచ్ వేసింది ఆయనేనని అందరికీ తెలుసు. బిళ్ళ లేదు గనక వేశానని చెప్పాడు. పాపం, స్నేహితుణ్ణి తన చేత్తోనే, అని ఊరు జాలిపడింది.

ఆమె లోపలికి పరిగెత్తింది. మెర్వ్ కూర్చున్న స్టూలు ఖాళీగా ఉంది. ఆమెకి బీరు కొనిచ్చింది కూడా ఆయనే. పాట మధ్యలో కడుపులో తిప్పుతోందని లేచి వెళ్ళిపోయాడని బార్‌లో పిల్ల చెప్పింది.

ఆ క్షణాన వెళ్ళి తలుపు బద్దలుకొట్టాలనిపించింది. డెస్ ఆపాడు. చీటీ ఒక్కటీ చూపిస్తే, ఊరికే కల్పించి రాశానంటాడు, పాటేగా అంటాడు, ఇంకేదైనా పట్టుకో అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చలేదు గానీ విన్నది.

సోమవారం సెలవు పెట్టి కోర్టు రికార్డుల గదికి వెళ్ళింది. తొమ్మిదేళ్ళలో ఆ ఫైలు అడిగినవాళ్ళు లేరని గుమాస్తా విసుక్కుంటూ తెచ్చిచ్చాడు. ఫొటోలు తిప్పేసింది. మెర్వ్ సాక్ష్యం టైపు చేసి ఉంది: స్విచ్ మీద ఏమీ లేదు. దాని వెనక ఇంకో కాగితం. దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. మృతుడి భార్య వాంగ్మూలం. నా భర్త తన బిళ్ళను తరచు ఇంట్లో మర్చిపోయేవాడు, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు, ఆ రోజు కూడా మర్చిపోయే వెళ్ళి ఉంటాడు. అడుగున అమ్మ సంతకం, వాళ్ళ లిపిలో, వణుకుతూ. పైన ఉన్న ఇంగ్లీషంతా ఎడమకి వాలిన పెద్దక్షరాలు.

వెస్నా రెండు చేతులూ బల్లకి ఆన్చి నిలబడింది. తల తిరుగుడు కాదు, కోపం. తొమ్మిదేళ్ళుగా చర్చిలో ఆడవాళ్ళు అమ్మ వెనక గొణుగుతూనే ఉన్నారు. మొగుణ్ణి తన నోటితోనే దోషిని చేసింది, కోర్టులో చదివి వినిపించారు అని. ఇంగ్లీషు రాని అమ్మ ల్యూబా ఎదురు చెప్పలేదు. ఆ వారం ఏమన్నానో నాకు గుర్తు లేదమ్మా, దుఃఖంలో ఏదో అనే ఉంటాను, అనేది. అనని మాటకి తొమ్మిదేళ్ళు తల దించుకుంది. వెస్నా కూడా ఒకసారి, పెళ్ళికి ముందు ఏదో గొడవలో, నాన్న పరువు తీసింది నువ్వే కదా అని అమ్మను అన్నది.

మంగళవారం మెర్వ్ స్వయంగా క్రేను కిందికి వచ్చాడు. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. చేతిలో ఆమె కోసం వేడి మీట్‌పై. శనివారం పాట మధ్యలో వెళ్ళిపోవాల్సి వచ్చిందనీ, వయసు మీద పడితే కడుపు మాట వినదనీ నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు.

“మూడో చరణమట కదా. ఎలా ఉంది?”

వెస్నా నిచ్చెన మీంచి చూసింది. ఆయన కళ్ళు నవ్వడం లేదు.

“ఆ గోలలో ఏం వినబడింది చిచో. ఏదో చేప అన్నాడు.”

“తాగినవాళ్ళ కవిత్వం.”

“అంతేలే.”

ఆయన భుజాలు వదులయ్యాయి. ఆదివారం మిరపకాయలకి వస్తున్నానని చెప్పమన్నాడు అమ్మకి. ప్రతి ఏప్రిల్‌లో ల్యూబా పెరట్లో కారం లేని లావాటి ఎర్ర మిరపకాయలు కాల్చి సీసాల్లో పెడుతుంది, ఆ పనికి మెర్వ్ రాని ఏడు లేదు. చెబుతానంది వెస్నా. ఆయన కనుమరుగయ్యాక ఆ మీట్‌పైని రేకు డబ్బాలోకి విసిరికొట్టింది. డబ్బా ఎంత మోగిందంటే పక్క క్రేనువాడు తల బయటపెట్టి, ఏంటి బ్లాగీ చేశావా అని కేకేశాడు. ఆ మాట ఇంకోసారి అంటే కొక్కేనికి తగిలించి కొలిమి మీద ఊపుతానని ఆమె చెప్పింది. వాడు నవ్వలేదు. నవ్వే మాట కాదని వాడికీ అర్థమైంది.

ఆదివారం పదకొండింటికే పెరడంతా పొగ. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రేకు కింద మంట, రేకు మీద నల్లబడుతున్న మిరపకాయలు. ల్యూబా తలకి గుడ్డ కట్టుకుని చిన్న పీట మీద కూర్చుని తొక్కలు తీస్తోంది. మెర్వ్ చొక్కా చేతులు పైకి మడిచి, తనూ తొక్కలు తీస్తూ ఆమె ఎదుట కూర్చున్నాడు. ఇన్నేళ్ళ రాకపోకల్లో ఆయనకి వాళ్ళ భాష కొంచెం పట్టుబడింది. అంతా వంటింటి భాషే: రొట్టె, ఉప్పు, మంచిది, చెడ్డది, తిను, వచ్చాను, వెళ్ళాను. ఆ మాటలతోనే ల్యూబాను నవ్విస్తున్నాడు. ఈ కాయ మీ పాదిరీ ముక్కులా ఉందన్నాడు. ఆమె నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది.

వెస్నా వచ్చి రెండు కాగితాలు వాళ్ళ మధ్యనున్న బల్ల మీద పెట్టింది. ఒకటి గ్రీజు మరకల చీటీ. రెండోది కోర్టు కాగితం నకలు. ఎగిరిపోకుండా వాటి మీద ఉప్పు సీసా పెట్టింది.

“ఏమిటివి?” అంది ల్యూబా.

“ఉత్తరాలమ్మా. మన ఉత్తరాలన్నీ చదివిపెట్టేది ఈయనేగా. చదువు చిచో.”

మెర్వ్ చూశాడు. మిరపరసంతో ఎర్రబడ్డ వేళ్ళు కాగితం దాకా వెళ్ళి ఆగిపోయాయి. తర్వాత ఇంగ్లీషులో, గొంతు తగ్గించి, వెస్నాకి మాత్రమే వినబడేలా మొదలుపెట్టాడు. అది అందరూ చేసేదే అన్నాడు. ఎవరికైనా జరిగి ఉండేదన్నాడు. అప్పటికి తనకి ముగ్గురు పిల్లలు, నిజం చెబితే జైలు, ఉద్యోగం పోతుంది, బిళ్ళ బీరు సంగతి బయటపడితే ఇంకో పదిమంది మీదకి వస్తుంది, చచ్చినవాడు ఎలాగూ తిరిగి రాడు. అందుకే ఆ కుటుంబానికి తను చెయ్యగలిగిందల్లా చేశానన్నాడు. గుండెలో ఉంచుకోలేక పాట రాసి హెల్మెట్‌లో వేశాననీ, ఎవడో ఒకడు పట్టుకుంటాడనుకున్నాననీ, ఆరేళ్ళలో ఒక్కడూ పట్టుకోలేదనీ అన్నాడు. ఆ చివరి మాటలో ఏదో నేరం ఊరిదే అన్నట్టు చిన్న ఫిర్యాదు వినబడింది.

వెస్నాకు ఒళ్ళు మండిపోయింది.

“నా పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని ఆడావు. ఆ పాటకి. అక్కడ కూడా నేను పట్టుకోవాలనే ఆడావా?”

ఆయన వేళ్ళకున్న మిరపరసం ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“మా నాన్న పేరుని తిట్టు చేశారు. యూనియన్ నాయకుడివి, ఒక్కసారైనా ఆ మాట అనొద్దురా అన్నావా? నువ్వూ నవ్వావు. నేను చూశాను.”

“వెస్నా, అమ్మా...”

“నన్ను అమ్మా అనకు. రేపు పొద్దున గేటు దగ్గర రెండు షిఫ్టుల ముందు చెబుతావు. ఆ తర్వాత కోర్టులో చెబుతావు. డెస్ మైకు తెస్తానన్నాడు. కానీ ముందు ఇక్కడ, మా అమ్మకి చెప్పు.”

ల్యూబా చేతిలో కాయ అలాగే ఉంది. కూతురి గొంతు విని, మెర్వ్ ముఖం చూసి, ఏం జరిగింది, ఎవరైనా పోయారా అని అడిగింది.

మెర్వ్ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. మొదటి పంక్తి చదవబోయాడు. నీ గ్లాసు నా ముందే ఉంది, అని ఇంగ్లీషులో, ఏదో చర్చిలో చదువుతున్నట్టు. వెస్నా ఆ కాగితాన్ని ఆయన వేళ్ళలోంచి లాగేసింది.

“పాట వద్దు. పాటలో నది ఉంది, చేప ఉంది, నిద్రపోని కన్ను ఉంది. నీ బాధ ఉంది. నువ్వు చేసింది లేదు. మా అమ్మ భాషలో చెప్పు. నీకొచ్చిన మాటలతో చెప్పు.”

“నాకు అన్ని మాటలు రావు.”

“ఉన్నవి చాలు.”

మంట మీద కాయ ఒకటి చిట్లింది. ఎవరూ దాన్ని తిప్పలేదు. మెర్వ్ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ల్యూబా వైపు తిరిగాడు గానీ ఆమె కళ్ళలోకి చూడలేదు, ఆమె చేతుల్నే చూస్తూ, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, వంటింటి భాషలో మొదలుపెట్టాడు.

“ల్యూబా. ఆ రోజు శుక్రవారం. పని అయిపోయింది. సైరన్ మోగింది. నేను స్విచ్ దగ్గరికి వెళ్ళాను. స్విచ్ మీద చేప ఉంది. నీ మొగుడు పెట్టాడు. మంచిగా పెట్టాడు. ఆయన కోటు మేకుకి లేదు. ఇంటికి వెళ్ళాడనుకున్నాను. చలికి వేసుకుని లోపలికి వెళ్ళాడని నాకు తెలీదు. నేను లోపల చూడలేదు. పిలవలేదు. చూడాలి. చూడలేదు. చేప తీశాను. నవ్వాను. జేబులో పెట్టుకున్నాను. స్విచ్ వేశాను. పబ్బుకి వెళ్ళాను. ఆయనకి బీరు తెచ్చాను. కుర్చీ పెట్టాను. ఆయన వస్తాడు, నవ్వుతాను అనుకున్నాను. చాలాసేపు కూర్చున్నాను. వాళ్ళు వచ్చి చెప్పారు. చేప నా జేబులోనే ఉంది. పోలీసు అడిగాడు, స్విచ్ మీద ఏమైనా ఉందా అని. లేదు అన్నాను. ఇంటికి పోతూ చేపను సముద్రంలో వేశాను. తర్వాత నీ ఇంటికి వచ్చాను. కాగితం రాశాను. నీ మొగుడు చేప ఇంట్లో మర్చిపోతాడు అని రాశాను. నువ్వు చెప్పలేదు. నేను రాశాను. నువ్వు అడిగావు, మెర్వ్, ఇందులో ఏముంది అని. నీ మొగుడు మంచి మనిషి అని ఉంది అన్నాను. నువ్వు పేరు రాశావు. అప్పుడు నాకు రొట్టె పెట్టావు. తిను మెర్వ్, నువ్వు ఏమీ తినలేదు అన్నావు. నేను తిన్నాను.”